జీపులో రాసిన ఆఖరి లైను

గన్‌ఫౌండ్రీ, హైదరాబాద్
23 జూన్ 2025

ప్రియమైన మామకు,

దండాలు. ఉభయకుశలోపరి గిట్ల రాసే ఓపిక ఇయ్యాల నాకు లేదు, సీదా ముచ్చటకే వస్తున్న. మామా, నాకు మర్డర్ కేసొచ్చింది! రెండేండ్ల సంది నాంపల్లి కోర్టులల్ల సీనియర్ల ఫైళ్లు మోసుకుంట, వాయిదాలు రాసుకుంట తిరిగిన నీ మేనకోడలు సెషన్స్ కోర్టుల తన పేరు మీద వకాల్తా వేసింది. ముద్దాయికి వకీలును పెట్టుకునే తాహతు లేదు, అందుకని లీగల్ ఎయిడ్ వాళ్లు నాకిచ్చిన్రు. ఎట్ల వస్తే ఏంది, నేనైతే కోర్టు మెట్లు రెండు రెండు ఎక్కిన!

కేసు చెప్త, ఇను. సమ్మక్క అని, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు పక్క గల్లీల మిర్చి బజ్జీల బండి పెట్టుకునేది. పక్కన్నే వెంకటనర్సయ్యది పల్లీల బండి. జాగ కోసం ఇద్దరికీ రోజూ లొల్లే. రెండేండ్ల కింద ఒక దినం లొల్లి ముదిరి, మరిగే నూనె మూకుడు వెంకటనర్సయ్య మీద పడ్డది. నాలుగో దినం దవాఖానల పాణం పోయింది. ఆమెనే కావాలని గుమ్మరించిందని పోలీసులు అంటరు. ఆయన నా బండి పట్టి గుంజిండు, చక్రం మోరీ పలక సందుల దిగింది, మూకుడు ఒరిగింది అని సమ్మక్క అంటది. చూసినోళ్లు ఒక్కరు లేరు. అబిడ్స్ నడి బజార్ల, పట్టపగలు! అందరూ కేకలు ఇన్నంక తిరిగి చూసినోళ్లే.

ఉన్నది ఒక్కటే సాక్ష్యం, మరణ వాంగ్మూలం. మేజిస్ట్రేటు దవాఖానకు పోయి, వెంకటనర్సయ్య చెప్పింది రాసుకొచ్చిండు. ఆ ఒక్క కాగితం నిలబడితే సమ్మక్కకు యావజ్జీవం. రెండేండ్ల సంది చంచల్‌గూడ జైల్ల ఉన్నది. బిడ్డ శ్రీనిధి ఇంటర్ సదువుకుంట చిన్నమ్మ ఇంట్ల ఉంటుంది.

నువ్వు ఇరవై ఎనిమిదేండ్లు ఇదే హైదరాబాద్ల మేజిస్ట్రేట్ల పక్కన బెంచ్ క్లర్కువు, రిటైరైనంకనే నిజామాబాద్ పోయినవు. ఇసొంటి వాంగ్మూలాలు ఎన్ని రాసినవో నీకే లెక్క తెల్వదు. జర చెప్పు మామా, అవి ఎట్ల రాస్తరు, ఎక్కడ బొక్క పడ్తది? గొంతు ఆపరేషన్ అయినంక నీతోని ఫోన్ ముచ్చట్లు బంద్ అయినయ్. వాట్సాప్‌ల రాయమంటే "అండ్ల రాసింది రాసినట్టు ఉండది" అంటవు. సరే, ఉత్తరాలే. ఇది పోస్టాఫీసుల వేసి, సమ్మక్క బండి పెట్టిన జాగ చూసి వస్త.

కమలత్తను అడిగిన అని చెప్పు.

కాలు నేల మీద నిలుస్తలేని నీ కోడలు,
ఉజ్వల

*

నిజామాబాద్
28 జూన్ 2025

ప్రియమైన వకీలమ్మకు,

మామ ఆశీస్సులు. నీ ఉత్తరం మీ అత్తకు రెండుసార్లు సదివి ఇనిపిద్దామంటే గొంతు లేదాయె. ఆమెనే నాకు రెండుసార్లు సదివి ఇనిపించింది. సెషన్స్ కేసు! మీ అమ్మ ఉంటే వాడకట్టంత షక్కర్ పంచేది. మెట్లు మాత్రం ఒక్కొక్కటే ఎక్కు, నల్లకోటు కాళ్లకు తట్టుకుంటది.

అడిగినవు గనుక చెప్తున్న. దవాఖాన నుంచి కబురు రాంగనే మేజిస్ట్రేటు అయ్యగారు, నేను, జీపు. పోంగనే డ్యూటీ డాక్టరు "మనిషి మతి మీద ఉన్నడు" అని రాసియ్యాలె. సుట్టాలను, పోలీసులను బయటికి పంపాలె. పేరు, ఊరు అడిగి మతి సరిగ ఉన్నదా సూసుకోవాలె. అటెనుక ఏం జరిగిందో అడిగి వాని మాటలల్లనే రాయాలె. రాసింది సదివి ఇనిపించాలె, వేలిముద్ర పెట్టించాలె. ఆఖర్న డాక్టరు మళ్ల దస్తఖత్ చెయ్యాలె. సావును ముందట పెట్టుకొని మనిషి అబద్ధం ఆడడని కోర్టుల నమ్మకం, అందుకే ఆ కాగితానికి అంత విలువ.

ఇగ నా హుషారుతనం కూడ చెప్త, నేర్చుకో. పోయే పాణం మన కోసం ఆగదు గదా. అందుకని మొదటి లైను, ఆఖరి లైను నేను జీపులనే రాసిపెట్టుకునేటోన్ని. పైన పేరు, ఊరు. కింద "చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు". నడుమ జాగ ఇడిసిపెట్టి, వార్డుల నిలవడి నింపుడే. అయ్యగార్లు నన్ను మెచ్చుకునేటోళ్లు. మల్ల అన్నిటికన్న కింద ఒక గీత గీసి రెండు చుక్కలు పెట్టేటోన్ని, ఆ కింద ఎవ్వడూ ఏం కలపకుండ. గా అలవాటు ఇంక పోలే, నీ ఉత్తరాలల్ల కూడ పెడ్త, చూసే ఉంటవు.

నవ్వే ముచ్చట ఒకటి. నా ఆపరేషన్ అయిన మూడో దినం నర్సమ్మ వచ్చి "లక్ష్మణరావు గారేనా?" అన్నది. నేను తలూపిన! "షుగర్ ఉంది కదా?" ఊపిన. "ఇంజక్షన్ ఇయ్యాలె" అంటే దానికీ ఊపిన. నాకు షుగరెక్కడిది? లక్ష్మణరావు పక్క మంచం పెద్దమనిషి. మీ అత్త చాయ్ పట్టుకొని అప్పుడే లోపటికి వచ్చింది గనుక బతికిన. గొంతుల గొట్టం ఉన్నప్పుడు మనిషి దేనికైనా ఊపుతడు బిడ్డా, వాళ్లు తొందరగ పోతే సాలని.

ఇంతకు నీ కేసు ఏ తారీకుది, ఏ వార్డు? రాయి.

నీ గెలుపు కోరే,
వామన్‌రావు మామ

*

గన్‌ఫౌండ్రీ
6 జులై 2025, ఆదివారం

ప్రియాతిప్రియమైన మామకు,

నీకు కాళ్లు మొక్కుతా! నీ నవ్వే ముచ్చటనే నా కేసు మామా!

నిన్న పోస్టు వచ్చింది, సంచిల పెట్టుకున్న. ఇయ్యాల ఆదివారం గదా, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లా పుస్తకాలు చూద్దామని పోయి, ఆడనే నిలవడి నీ ఉత్తరం సదివిన. లక్ష్మణరావు కాడికి రాంగనే ఎగిరి గంతేసిన. పుస్తకాలమ్మే ఆయన "క్యా హువా మేడం, లాటరీ లగీ క్యా?" అన్నడు. ఔ అన్న.

ఇను. దవాఖాన కేస్‌షీట్ తెప్పించిన. నూనె పడ్డది మధ్యాహ్నం. మెడ, మొహం వాచి, పొద్దుమూకేసరికి వెంకటనర్సయ్య గొంతుకు బొక్క చేసి గొట్టం వేసిన్రు. వాంగ్మూలం తెల్లారి. గొట్టం ఉన్న మనిషి మాట ఎట్ల చెప్తడు? కాని కాగితంల పన్నెండు లైన్లున్నయ్, గడగడ చెప్పినట్టు! "సమ్మక్క అను ఆమె నాపై పాత కక్షతో, సలసల కాగుచున్న నూనెను నా ముఖముపై గుమ్మరించినది." పల్లీలమ్మే వెంకటనర్సయ్య గిట్ల మాట్లాడుతడా? మాట్లాడుడు కాదు, తలూపిండు మామా, తలూపిండు! తలూపితే అండ్ల పాత కక్ష ఏడికెల్లి వచ్చింది?

మేజిస్ట్రేటు సాక్ష్యానికి వచ్చిన నాడు ఒక్కటే అడుగుత: "లేదు అని జవాబు రావాల్సిన ప్రశ్న ఒక్కటన్న అడిగిన్రా సార్?" నీకు నర్సమ్మ అన్నీ ఔ అనే ప్రశ్నలే అడిగింది, నువ్వు లక్ష్మణరావువు అయిపోయినవు. అద్దంల చూసుకుంట మస్తు ప్రాక్టీస్ చేస్తున్న.

మొన్న జైలుకు పోయి సమ్మక్కను కలిసిన. చీర జర పైకి లేపి పాదాలు చూపించింది. రెండు పాదాల మీదా నూనె మచ్చలు. ఒకరి మీద గుమ్మరించేటామె తన కాళ్ల మీద పోసుకుంటదా? "ఏడేండ్లు రోజూ తిట్టుకున్నం, రోజూ ఒక్క చాయ్ ఇద్దరం పంచుకున్నం బిడ్డా. ఆయన నా పేరు చెప్పిండంటే నాకు సమజైతలేదు" అని ఏడ్చింది. నూనె పడ్డదానికంటె ఆయన చెప్పిండన్నదే ఆమెకు ఎక్కువ బాధ.

నాకిచ్చింది టైపు చేసిన నకలు. చేతిరాత అసలుది కోర్టుల సీలు కవర్ల ఉన్నది, సాక్ష్యం దినం తెరుస్తరు. నువ్వడిగిన తారీకు 2023 మార్చి 15, పొద్దున పది దాటినంక. మూడో అంతస్తు, కాలినోళ్ల వార్డు. నీ జీపు ముచ్చట సదివి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే గని, ఈ కేసుల కూడ ఏ క్లర్కన్న గట్ల చేసిండేమో అడుగుత!

ఆగలేక ఆగుతున్న,
ఉజ్వల

*

నిజామాబాద్
11 జులై 2025

ఉజ్వలకు,

ఉత్తరం అందింది. నా మాట ఇను, ఈ కేసు ఇడిసిపెట్టు. నీకు అనుభవం సాలదు. పెద్ద వకీలు ఎవరికన్న అప్పజెప్పమని లీగల్ ఎయిడ్ వాళ్లకు రాసియ్యి. ఆ మేజిస్ట్రేటు మంచి మనిషై ఉంటడు, క్లర్కు కూడ తన పని తను చేసి ఉంటడు. సచ్చినోని మాటను తిరగదోడుడు మంచిది కాదు.

నేను రాసిన నర్సమ్మ ముచ్చట కోర్టుల చెప్పకు. అది ఇంట్ల ముచ్చట.

ఒంట్ల బాగలేదు. మీ అత్త బాగున్నది.

మామ

*

నాంపల్లి, కోర్టు క్యాంటీన్
24 జులై 2025

మామా,

ప్రియమైన అని రాద్దామంటే చెయ్యి రాలే. అయినా ప్రియమైన మామవే, ఏం చేస్త.

ఇయ్యాల మేజిస్ట్రేటు సాక్ష్యం. నిలవడి నా ప్రశ్న అడిగిన. "లేదు అని జవాబు రావాల్సిన ప్రశ్న ఒక్కటన్న అడిగిన్రా?" "గుర్తు లేదు. ఆయన సైగ చేసిండు, నేను అడిగిన, క్లర్కు రాసిండు, నేను దస్తఖత్ చేసిన" అన్నడు. జడ్జమ్మ పెన్ను ఆపి నా దిక్కు చూసింది. మామా, అప్పుడు నేను గాల్ల ఉన్న! గెలుస్తున్న అనుకున్న.

అప్పుడు అసలు కాగితం నా చేతికిచ్చిన్రు.

కింద గీత. గీత కింద రెండు చుక్కలు.

ఇంక దస్తూరి చూసుడెందుకు? అయినా చూసిన. పొద్దున్నే నీ ఉత్తరం సదువుకొని వచ్చిన కండ్లు ఇవి. "క్లర్కు పేరేంది సార్" అన్నది నా నోటి దాక వచ్చి ఆగింది. వాయిదా అడిగి బయటికొచ్చిన.

అందుకేనా తారీకు అడిగినవు? అందుకేనా కేసు ఇడిసిపెట్టుమన్నవు? నాకు సీదా చెప్తే ఏమయ్యేది? నీ పేరు చూసి నేను ఊకుంట అనుకున్నవా, ఊకోను అనుకున్నవా?

లీగల్ ఎయిడ్ వాళ్లకు చెప్పిన, ఆ క్లర్కు నా మేనమామ అని. కేసుల ఉంటవో ఇడుస్తవో ముద్దాయినే అడుగుమన్నరు. గంట కింద కోర్టు లాకప్ కాడ సమ్మక్కకు చెప్పిన. తిడ్తదనుకున్న. ఆమె ఏమన్నదో తెలుసా? "మీ మామ మంచిగ రాస్తడా బిడ్డా? అయితే ఉన్నది ఉన్నట్టు ఇంకోసారి రాయమను."

అంతే. ఇంక నేను అడిగేది లేదు. వచ్చే వాయిదా ఆగస్టు 12.

ఉజ్వల

*

నిజామాబాద్
29 జులై 2025

ప్రియమైన బిడ్డా,

నీ ఉత్తరం నాలుగుసార్లు సదివిన. సమ్మక్క మాట మాత్రం ఎన్నిసార్లు సదివిన్నో తెల్వదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

ఆ పొద్దున అయ్యగారికి వేరే రిమాండు పనులుండె, తొందర. ఆయన మంచోడే, అది అబద్ధం కాదు. వెంకటనర్సయ్యకు మొహమంత కట్లు, ఒక కన్నే కనబడుతుండె. అయ్యగారు అడిగిండు: వెంకటనర్సయ్యవేనా? ఊపిండు. మతి మంచిగ ఉన్నదా? ఊపిండు. సమ్మక్క తెలుసా? ఊపిండు. కొట్లాట అయిందా? ఊపిండు. పాత కక్ష ఉన్నదా? ఊపిండు. ఆమెనే పోసిందా? ఊపిండు. ఆరు ప్రశ్నలు, ఆరు ఊపుడు. వాటిని పన్నెండు లైన్లు చేసింది నేను. ఊపిండని రాస్తే పై కోర్టులల్ల నిలవడదని, నడక మంచిగ ఉండాలని, అలవాటు కొద్ది రాసిన. ఏ పాపం ఎరుగకుండనే రాసిన, ఒట్టు.

ఇది కాదు అసలు సంగతి. అసలుది ఇంకొకటి ఉన్నది. రెండేండ్లు ఎవ్వలికి చెప్పలే, మీ అత్తకు కూడ.

అయ్యగారు డాక్టరు తోని మాట్లాడుకుంట తలుపు కాడికి పోయిండు. నేను వెంకటనర్సయ్య ఎడమ చెయ్యి పట్టుకొని, బొటనవేలికి సిరా రాసుకుంట, రాసింది సదివి ఇనిపించిన. సదువుడు అయిపోయింది. వాడు తల అడ్డంగ ఊపిండు.

ఒకసారి కాదు, రెండుసార్లు. కన్ను నా మొహం మీదనే ఉన్నది. నేను నొప్పి అనుకున్న. సిరా మంట పెడ్తుందేమో అనుకున్న. మల్ల అడుగుదామా అనిపించింది, అబద్ధమెందుకు. కాని కింద ఆఖరి లైను జీపులనే రాసి ఉండె. "సరియని ఒప్పుకొన్నాడు." రాసి ఉన్నదాన్ని కొట్టేస్తే కాగితం ఖరాబైతది. వేలు పట్టి అచ్చు వేయించిన. గీత గీసిన, చుక్కలు పెట్టిన.

నొప్పేనని నా మనసుకు చెప్పుకుంట రెండేండ్లు గడిపిన. ఈ జనవరిల నా గొంతుల గొట్టం పడ్డది. నర్సమ్మ దేనికంటె దానికి ఊపిన, నీకు నవ్వులాటకు రాసిన. రాయనిది ఒకటున్నది. ఊపుడు అల్కగనే వస్తది బిడ్డా. అడ్డంగ ఊపాలంటే గొట్టం గొంతును కోస్తది. పాణం మీదికొస్తే తప్ప మనిషి అడ్డంగ ఊపడు. నాకు అది జనవరిల తెలిసింది. తెలిసి కూడ ఊకున్న.

ఆగస్టు 12కు వస్తున్న. డిఫెన్స్ సాక్షిగ నా పేరు ఇయ్యి. మాటరానోడు కోర్టుల రాసి సాక్ష్యం చెప్పొచ్చు, రూలు నాకు ఎరికే. నా మీద ఏ విచారణ వేసినా వేసుకోని. పొడుగు కాగితాలు తెచ్చిపెట్టు, గీతలున్నయి. నల్ల సిరా పెన్ను నేనే తెచ్చుకుంట.

ఈ ఉత్తరం కింద గీత గీస్తలేను. మిగిలింది కోర్టుల రాస్త.

తల దించుకున్న నీ మామ,
వామన్‌రావు

*

అబిడ్స్, పెద్ద పోస్టాఫీసు
4 సెప్టెంబర్ 2025

ప్రియమైన, ప్రియమైన, ప్రియమైన మామకు,

గెలిచినం! గెలిచినం మామా! మొన్న మంగళారం తీర్పొచ్చింది, నిన్న సమ్మక్క జైలు గేటు దాటింది. ఖైరతాబాద్ గణపతిని చూసే జనంతోని తొవ్వలన్నీ జామ్, ఆటోల గంటన్నర ఇరుక్కపోయినం. ఆటోల సమ్మక్క, శ్రీనిధి, నేను. ముగ్గురం ఏడ్చుకుంట నవ్వుకుంట కూసున్నం. ఆటో ఆయన పరేషాన్ అయిండు.

తీర్పు నకలు ఈ కవర్లనే పెట్టిన. జడ్జమ్మ రాసింది: ఊపుళ్లను వాక్యాలు చేసినంక అది చనిపోయినాయన మాట కాదు, రాసినోని మాట. ఆఖరి సైగ ఒప్పుకున్నట్టో కాదన్నట్టో తేలని కాడ, ఆ కాగితం ఒక్కదాన్ని నమ్ముకొని మనిషిని జైల్ల పెట్టరాదు. సమ్మక్క పాదాల మచ్చలు కూడ రాసింది. ఒప్పుకోలు లైను ముందుగాల రాసుకునుడు ఎక్కడున్నా బంద్ కావాలని కూడ రాసింది. నీ మీద విచారణ సంగతి పైవాళ్లకు ఒదిలింది.

కాని మామా, అందరికీ నేను చెప్పుకుంట తిరుగుతున్నది తీర్పు కాదు, ఆగస్టు 12! గీతల కాగితాలు ముందల పెట్టుకొని సాక్షి బోనుల నువ్వు రాస్తుంటే, కోర్టు హాలంత పెన్ను చప్పుడు ఒక్కటే. వెంకటనర్సయ్య అడ్డంగ ఊపిన ముచ్చట కోర్టోళ్లు సదివి ఇనిపించేటప్పుడు ముద్దాయి బోనుల ఉన్న సమ్మక్క గోడకు ఒరిగింది. "ఆయన నా పేరు చెప్పలే" అన్నది, అంత మెల్లగ అన్నా అందరికీ ఇనబడ్డది.

మల్ల పోలీసుల దిక్కు వాదించే సర్కారు వకీలు, పీపీ గారు లేచిండు. ఎంత తొందర తొందరగ అడిగిండో! ఆ దినం డ్యూటీల ఉన్నది మీరేనా? ఊపినవు. దస్తూరి మీదేనా? ఊపినవు. డాక్టరు ఉన్నడా? ఊపినవు. మేజిస్ట్రేటు గారు నిజాయితీ మనిషేనా? ఊపినవు. ఈ వకీలమ్మ మీ మేనకోడలేనా? ఊపినవు. "ఆమె కోసమే ఇయ్యాల అబద్ధం చెప్తున్నరు, ఔనా?"

ఊపినవు!

నా పాణం పోయింది మామా. పీపీ గారు నవ్వుకుంట జడ్జమ్మ దిక్కు తిరిగి "నోట్ చేసుకోండి మేడం" అన్నడు. నువ్వు కండ్లు పెద్దవి చేసి, కాగితం చినిగేటట్టు రాసినవు: "అయ్యా, ఆఖరిదానికి ఊపింది తప్పు. వరసల ఊపిన. ఇప్పుడు నా తలను నమ్ముతరా, నా రాతను నమ్ముతరా?" జడ్జమ్మ అది సదివి అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆ నిమిషంలనే కేసు గెలిచినం, నాకు తెలుసు.

బార్ రూంల ఇప్పటికీ అదే ముచ్చట. "మీ మామ ఏం ప్లాన్ వేసిండు తల్లీ, పీపీని బుట్టల వేసిండు" అంటున్నరు సీనియర్లు. ఔ అంటున్న, కాలర్ ఎగరేస్తున్న. కాని నాకొక్కదానికి నిజం చెప్పు మామా. బస్‌స్టాండ్ల అడుగుదామంటే బస్సు కదిలింది. కావాలనే ఊపినవు గదా?

సమ్మక్క మళ్ల బండి పెడ్తదట, అదే గల్లీల. మొదటి వాయి నీకేనట. కమలత్తను పట్టుకొని రా.

గాల్ల తేలుతున్న నీ కోడలు,
ఉజ్వల

*

పోస్టు కార్డు
నిజామాబాద్, 9 సెప్టెంబర్ 2025

ప్రియమైన ఉజ్వలకు,

తీర్పు అందింది. మీ అత్త ఇనిపించింది, మస్తు సంబురపడ్డం. బజ్జీలకు వస్తం, మిర్చి కారం తక్కువ పెట్టుమను.

నువ్వడిగినదానికి జవాబు. కావాలని ఊపలే బిడ్డా. ఆయన వరసల అడుగుతుంటే ఊపుకుంట పోయిన, ఆఖరిది నా చెవిలనే పడలే. పీపీ నవ్వుకుంట జడ్జమ్మ దిక్కు తిరిగినంక సమజైంది. నా చేతిల పెన్ను ఉన్నది గనుక తిప్పి రాసుకున్న.

వెంకటనర్సయ్య చెయ్యి నేను పట్టుకొని ఉంటి.

మామ